నడవని సాంచెకు పట్టి

మాఫీ చేశారన్న మాట అబద్ధం.

మా అత్తమ్మ పోయిన పదోనాడు మందిరం హాలులో మైకు పట్టుకున్న ప్రతివాడూ అదే కథ చెప్పాడు. సాంచెలు అమ్ముకుని ఉత్తచేతులతో మిగిలిన ముసలామెను గల్లీ పెద్దలు ఏనాడూ చందా అడగలేదట. పెద్ద మనసుతో మాఫీ చేసి నీళ్లు పోశారట. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. లేచి కాదని చెప్పబోతే మా ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. దినాల నాడు వాదన ఎందుకని ఆయన ఉద్దేశం. ఆ రోజుకు ఊరుకున్నాను. అంతకుమించి ఊరుకుంటానని ఎవరికీ మాట ఇవ్వలేదు.

అత్తమ్మకు ఎవరూ ఏదీ మాఫీ చేయలేదు. చేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. అడగని పట్టి కట్టడానికి ఆమె కొన్నేళ్లపాటు గల్లీతో కొట్లాడింది, కార్పొరేషన్‌తో కొట్లాడింది, నాతోనూ కొట్లాడింది. జరిగింది ఇది.

భివండీలో పద్మనగర్ అంటే తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల పేట. పవర్‌లూమును మావాళ్లు సాంచె అంటారు. సాంచెలుండే షెడ్డును కార్ఖానా అంటారు. మా గల్లీలో ఒక ఇల్లు, ఒక కార్ఖానా, మళ్లీ ఒక ఇల్లు, వెనక చాలు, అంటే కిరాయికిచ్చే ఒంటిగదుల వరస. నేను పెళ్లయి వచ్చేసరికే అక్కడ మూడు రకాల పన్నులు ఉండేవి. ఇంటికి ఘర్‌పట్టి, నీళ్లకు పానీపట్టి, ఈ రెండూ మునిసిపాలిటీవి. మూడోది మాది, గల్లీపట్టి. మునిసిపాలిటీ నల్లాలో నీళ్లు వస్తే వచ్చాయి, లేకుంటే లేదు. వచ్చినా దారంలా వచ్చేవి. అందుకని గల్లీవాళ్లే కలిసి బోరు వేసుకున్నారు. ఆ బోరు మోటారు రిపేరు, మురుగు నిండిన గటర్ తీయించడం, గల్లీ మొదట్లో బల్బు, మందిరం హాలుకు సున్నం, ఇవన్నీ గల్లీపట్టితో నడిచేవి. ఏడాదికొకసారి కూర్చుని లెక్క చెప్పేవారు. దాన్ని బడ్జెట్ అనే పిలిచేవారు, ముఖం మీద నవ్వు లేకుండా.

ఆ పట్టి ఇంటికి ఇంత అని కాదు, మనిషికి ఇంత అనీ కాదు. సాంచెకు ఇంత. ఎన్ని సాంచెలుంటే అన్ని వంతులు. వినగానే న్యాయంగానే ఉంటుంది. ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ కడతాడు. కాలేజీలో అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని, నాకూ మొదట్లో ముచ్చటేసింది. మునిసిపాలిటీకి లేని తెలివి మావాళ్లకు ఉందనుకున్నాను. కానీ ఆ లెక్కకు ఇంకో కొస ఉంది. పట్టి కట్టినవాడికే బోరు నీళ్ల వంతు. వంతు ఉన్నవాడే శుక్రవారం మీటింగులో మాట్లాడాలి. శుక్రవారం ఎందుకంటే ఆ రోజు భివండీలో సాంచెలకు సెలవు. మిగతా రోజుల్లో ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. మా గల్లీవాళ్లు శుక్రవారం కూడా అరిచే మాట్లాడతారు, అలవాటు కొద్దీ. కొత్తవాళ్లు చూస్తే కొట్టుకుంటున్నారని అనుకుంటారు.

మా మామయ్యకు నాలుగు సాంచెలు ఉండేవి, వేరేవాళ్ల కార్ఖానాలో ఒక మూల కిరాయికి. ఆయన పోయాక అవి నడవలేదు. నూలు ధర పైకి, బట్ట ధర కిందికి. షెడ్డు యజమాని జాగా ఖాళీ చేయమన్నాడు. మా ఆయనకు సాంచెల పని రాదు. కాశేలిలో ఒక గోదాములో సరుకు రాసుకునే ఉద్యోగం ఆయనది. నేను పొద్దున చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అత్తమ్మ ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేది. నాలుగు సాంచెలూ అమ్మేశాం. అందులో విషాదం ఏమీ లేదు. భివండీలో సాంచెలు కొంటారు, అమ్ముతారు.

బోరు నీళ్లు పట్టే పద్ధతి ఇది. కార్ఖానా ముందు మోటారు. దానికి పొడుగాటి రబ్బరు పైపు. ఒక ఇంటివాళ్లు నింపుకున్నాక ఆ ఇంటి ఆడమనిషే పైపును పక్కింటికి అందించాలి. సాంచెలు అమ్మిన కొద్దిరోజులకు ఒక పొద్దున అత్తమ్మ గడపలో బిందెలు వరుసగా పెట్టుకుని నిలబడింది. పక్కింటి కోడలు డ్రమ్ము నింపుకుని, పైపు ఎత్తి మా గడప దాటించి అవతలి ఇంటికి ఇచ్చింది.

"ఏందే, మా ఇల్లు కనవడ్తలేదా?" అంది అత్తమ్మ.

ఆ పిల్ల తల దించుకుంది. "నన్నేమనకు పెద్దమ్మా. గట్లనే అనుకున్నరట."

"ఎవలు అనుకున్నరు?"

"అందరు."

"అందరంటే నేను లేనా?"

ఆ పిల్ల డ్రమ్ముకు మూత పెట్టి లోపలికి పోయింది. పైపు అవతలింట్లో పారుతూనే ఉంది. అత్తమ్మ ఖాళీ బిందెలు లోపల పెట్టి, కొంగు సర్దుకుని నేరుగా కార్ఖానా మామ దగ్గరికి పోయింది.

కార్ఖానా మామ అంటే మా గల్లీలో అందరికంటే ఎక్కువ సాంచెలున్న మనిషి. మామయ్యకు తమ్ముడి వరస. నాకు మామ, అత్తమ్మకు మరిది. బోరు మోటారు ఆయన కార్ఖానా లైను మీదే నడిచేది. గల్లీ బల్బు కూడా. సాంచెలకు సర్కారు కరెంటు రాయితీ మీద ఇస్తుంది. ఆ రాయితీ కరెంటుతో గల్లీకంతటికీ నీళ్లు తోడడం రూలు కాదని అందరికీ తెలుసు. రూలు ప్రకారం పోతే ఇంటి రేటుకు పోవాలి, అప్పుడు పట్టి రెండింతలవుతుంది. అందుకే ఆ తీగ ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన పెద్దరికంలో సగం ఆ తీగదే. నేను అత్తమ్మ వెనకే పోయాను కాబట్టి అక్కడి మాటలు నా చెవులతో విన్నవే.

"కూసో వదినే," అన్నాడాయన. "నీకు ఇగ గల్లీపట్టి లేదు. సాంచెల్లేనోళ్ల దగ్గర ఏం దీస్కుంటం? మాఫీ అనుకో."

"మాఫీ ఎవలడిగిన్రు?"

"అడగాల్నా? ఇంటోళ్లం గాదా?"

"ఇంటోళ్లమైతే పైపు మా ఇల్లు దాటిపోయిందెందుకు?"

"మీకు మునిసిపాలిటీ నల్లా ఉన్నది గద."

"నల్లాల నీళ్లొస్తే బోరెందుకేసినవయ్యా, షోకుకా?"

ఆయన నవ్వాడు. వదిన వరస కాబట్టి ఎంత మాటైనా పడతాడు. పడి, తన మాటే ఉంచుతాడు. "అందరికి నిండినంక మోటరు ఇంకొంచెంసేపు నడిపిస్త. అప్పుడొచ్చి పట్టుకో. ఎవలన్న వద్దంటే నా పేరు చెప్పు."

"మిగిలినయి పట్టుకొనుడుకు నేను గిన్నె పట్టుకొని తిరుగుతున్ననా?" అని అత్తమ్మ లేచి వచ్చేసింది.

ఇక్కడ నా వాదన కూడా చెప్పాలి. పోనీ మిగిలిన నీళ్లే పట్టుకుందాం, పట్టి తప్పింది కదా అన్నాను నేను. నీళ్లు నీళ్లే కదా, వంతులో వచ్చినవి తియ్యగా ఉంటాయా? అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి కండెల ముందు కూర్చుంది. మర్నాటి నుంచి పొద్దున్నే బిందె పట్టుకుని ఎవరింటికీ పోలేదు. నల్లాలో దారంలా వచ్చే నీళ్ల కింద బిందె పెట్టి, అది నిండేదాకా పక్కనే కూర్చునేది. బట్టలుతకడం ఎల్లుండికి, ఆవలెల్లుండికి జరుగుతూ పోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు జనం. తలుపు రెక్క ఊడదీసి గోడకు ఆనించి ఉంది. గుమ్మంలో చేతిబండి. దాని మీద ఒక సాంచె. మోటారు లేదు, బీము లేదు, నాడె లేదు. ఉన్నదల్లా తుప్పు పట్టిన ఇనుప చట్రం, రెండు చక్రాలు. కనేరిలో ఒక పాత ఇనుము దుకాణం నుంచి కొనుక్కొచ్చింది. నలుగురు హమాలీలు దాన్ని మా ముందుగదిలోకి దూర్చడానికి ఒకణ్నొకడు తిట్టుకుంటున్నారు.

"అత్తమ్మా, ఏందిది?"

"సాంచె. కనవడ్తలేదా? నిలబడి ఏం జూస్తున్నవ్, ఆ కుర్చీ తియ్యి అడ్డంకెల్లి."

ఎదురింటామె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "అక్కా, దీని మీద ఏం నేస్తవ్?"

"నీ నోటికి గుడ్డ నేస్త," అంది అత్తమ్మ.

తర్వాతి శుక్రవారం మందిరం హాలులో మీటింగు. ఆడవాళ్లు రావడం అరుదు. అత్తమ్మ ఒక సాంచెకు కట్టాల్సిన పట్టి డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది, నేను తోడు. లెక్క చెప్పడం అయ్యాక అత్తమ్మ లేచి, మా ఇంటికి ఒక సాంచె ఉంది, పట్టి తీసుకోండి అంది. హాలంతా నవ్వారు.

కార్ఖానా మామ ఓపిగ్గా అడిగాడు. "అది నడుస్తదా వదినే?"

"నడిచేదానికే లెక్క అని ఎన్నడనుకున్నం? పోయినేడు గిరాకి లేక మందం పడ్డప్పుడు నీ కార్ఖానల సగం సాంచెలు బందువెట్టినవ్. వాటికి పట్టి కట్టినవా లేదా?"

"కట్టిన."

"ఎందుకు కట్టినవ్?"

"సాంచెలున్నయి గనుక."

"నాకూ ఉన్నది."

ఎవరో వెనక నుంచి అన్నారు, "ఇచ్చేయ్ మామా, పోనీ. ఆమె నోటికి ఎవలు సాల్తరు?" ఒకాయన అది సాంచె కాదు ఇనుము అన్నాడు. మీ సాంచెలు బంగారంతో చేసినవా అంది అత్తమ్మ. రూల్లో నడవాలన్న మాట లేదు. పెట్టాలంటే అప్పటికప్పుడు పెట్టొచ్చు. కానీ అలా పెడితే మందం రోజుల్లో బంద్ పెట్టిన ప్రతివాడి వంతూ గల్లంతవుతుంది. హాలులో కూర్చున్న సగం మందికి ఆ సంగతి అర్థమై నవ్వు ఆగింది. పట్టి తీసుకున్నారు. మర్నాడు పైపు మా గడప దగ్గర ఆగింది.

సాంచెతో కాపురం ఎలా ఉంటుందో చెప్పనా? ముందుగది దానికే పోయింది. చట్రం పైన ఉతికిన బట్టలు, చక్రాల మీద పప్పు డబ్బాలు. చుట్టాలు వస్తే దాని చుట్టూ తిరిగి లోపలికి రావాలి. మోకాళ్లకు దెబ్బ తగలని మనిషి మా ఇంటికి రాలేదు. సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లలు దాని కింద దూరి ఎక్కాలు చదివేవారు. ఇంట్లో ఎప్పుడూ పాత గ్రీజు వాసన. దీన్ని తీసేద్దామని నేను అన్నప్పుడల్లా, "నువ్వు నీళ్లు తాగుతలేవా?" అని అత్తమ్మ జవాబు.

అలా గడిచిపోయేదే. ఇంతలో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్ అయ్యాక ఘర్‌పట్టి పెంచాలి. పెంచాలంటే ఇళ్లు కొత్తగా కొలవాలి. టేపు పట్టుకుని మనుషులు గల్లీల్లో తిరిగారు. మా ఇంటికి వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. అత్తమ్మ ఒక్కతే. వాళ్లు సాంచెను చూసి, "యే మాగ్ ఆప్ కా హై?" అని అడిగారట. మరాఠీలో సాంచెను మాగ్ అంటారు. "హా, అప్నా హై," అని ఆమె గర్వంగా చెప్పిందట. గల్లీ ఒప్పుకున్న సాంచెను సర్కారు కూడా ఒప్పుకుందని ఆమె సంతోషం. టీ కూడా పోసి పంపింది.

బిల్లు వచ్చింది. ఇంటి రేటు కాదు, కార్ఖానా రేటు. నల్లా కూడా కార్ఖానా నల్లా కింద రాశారు. ఒకే సాంచె, సర్కారుకు రెండు కళ్లు. కరెంటు ఆఫీసుకు అది రాయితీ ఇవ్వాల్సిన వస్తువు, ఘర్‌పట్టి ఆఫీసుకు పిండాల్సిన వస్తువు. మాకు రాయితీ లేదు, పిండడం మాత్రం ఉంది.

మరాఠీ చదవగలదాన్ని నేనే కాబట్టి అభ్యంతరం రాసి, సునావణికి, అంటే విచారణకు, నేనే పోయాను. అక్కడి క్లార్కు నా వయసువాడే. నన్ను నిలబెట్టే అడిగాడు, మాగ్ ఉందా లేదా అని. ఉంది, కానీ నడవదు అన్నాను. నడవనిదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు బాయీ? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా గల్లీ రాజ్యాంగమంతా వివరించాలి. చెప్పినా నమ్మడు. నేను ఇంటి లైట్ బిల్లు తీసి ముందు పెట్టాను. చూడండి, కార్ఖానా లైను లేదు, సాంచె ఎలా నడుస్తుంది? అతను బిల్లు తిప్పి తిప్పి చూసి, "అంటే ఎవరి లైను మీద నడుపుతున్నారు?" అన్నాడు. నా తెలివికి నేనే చెప్పుదెబ్బ వేసుకోవాల్సింది. మనిషి వచ్చి చూస్తాడు, పంచనామా రాస్తాడు, పక్కింటివాళ్ల సంతకాలు కావాలి, తీగలన్నీ చూస్తాడు అని చెప్పి పంపేశాడు.

తీగలు అన్న మాట గల్లీలో మా ఇంటికంటే ముందు కార్ఖానా మామ ఇంటికి చేరింది. ఆ సాయంత్రమే ఆయన వచ్చాడు. సాంచె చుట్టూ తిరిగి, మోకాలికి దెబ్బ తగిలించుకుని, కుర్చీలో కూర్చున్నాడు.

"వదినే, ఒక మాట. ఆ మనిషి రాకముందే దీన్ని పాత ఇనుముల, భంగార్ల పారెయ్. లేదంటే వచ్చినప్పుడన్న, ఇది భంగారే, సాంచె గాదు అను. ఘర్‌పట్టి తగ్గుతది. నీకే లాభం."

"గల్లీపట్టి?"

"మాఫీ అంటున్న గద."

"మళ్ల ఆ మాటనే. నా వంతు?"

"నీ వంతెటువోతది? నేనున్న."

"నువ్వుంటవ్, నాకు తెలుసు. నువ్వు లేనినాడు? నీ కొడుకు ఉంటడా? సాంచె లెక్క తీసేయ్. గడపకింత అని పెట్టు. రేపే నేను దీన్ని అమ్మేస్త."

ఆయన తల గోక్కున్నాడు. ఆయన మరీ చెడ్డవాడేమీ కాదు, అదే చిక్కు. "గడప లెక్కంటే వెనక చాల్ల కిరాయికున్న, సాంచెలు నడిపే కారీగర్లు గూడ లెక్కకొస్తరు వదినే. ఉత్తరంకెల్లి వచ్చినోళ్లు. ఆళ్లు మీటింగుల కూసుంటే రేపు మోటరెవలిది, తీగెవలిది అని అడుగుతరు."

"ఆళ్ల ముచ్చట నాకెందుకు? నా ముచ్చట జెప్పు."

ఈ మాట కూడా రాస్తున్నాను. అత్తమ్మ పేదల తరఫున కొట్లాడిందని ఈమధ్య కొందరు కొత్తగా మొదలుపెట్టారు. అదీ నిజం కాదు. వెనక చాలువాళ్లకు నీళ్లు ఉన్నాయో లేవో ఆమె ఒక్కరోజు అడగలేదు. ఆమెకు తన వంతు కావాలి. అంతే.

ఆయన పోయాక నేను పట్టుకున్నాను. "తగ్గిస్తమంటే వద్దనేటోళ్లను నిన్నే జూస్తున్న అత్తమ్మా. కార్పొరేషనోడికి ఏండ్లకేండ్లు ఎక్కువ కట్టుడేంది? అందుల నా జీతం గూడ ఉన్నది."

"కార్పొరేషనోడు పైసలే తీస్కుంటడు," అంది కండె తిప్పుతూ. "వీళ్లు పైసలు వద్దు, నువ్వే వద్దంటున్నరు. ఎవలు ఎక్కువ గుంజుతున్నరో నువ్వే లెక్కవెట్టు. సదువుకున్నవ్ గద."

లెక్క పెట్టాను కూడా. నా లెక్కలో ఆమెది నష్టమే వచ్చింది. ఆ సంగతీ చెప్పాను. ఆమె కండెలు ఎత్తిపెట్టి పడుకుంది.

ఇన్‌స్పెక్టరు శుక్రవారం వచ్చాడు. భివండీలో ఉద్యోగం చేస్తూ, సాంచె నడుస్తోందో లేదో చూడడానికి శుక్రవారం వచ్చిన మనిషిని ఏమనాలి? ఊళ్లో ఒక్క సాంచె చప్పుడు లేదు. కార్ఖానా మామ పంచనామాకు సాక్షిగా గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురింటామె, పక్కింటి కోడలు, ఇంకా పనిలేనివాళ్లు వాకిట్లో.

ఇన్‌స్పెక్టరు చట్రాన్ని వేలితో తట్టి, "యే చల్తా హై?" అన్నాడు.

"నహీ సాబ్, బంద్ హై," అన్నాడు కార్ఖానా మామ చటుక్కున. "భంగార్ హై."

ఇన్‌స్పెక్టరు అత్తమ్మ వైపు చూశాడు. ఆమె నోట ఒక్క మాట వస్తే చాలు, మా ఘర్‌పట్టి ఇంటి రేటుకు దిగుతుంది. ఆ మాటతోనే సాంచె కాస్తా గల్లీ అందరి ముందు భంగారవుతుంది. నేను కళ్లతో సైగ చేశాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"ఆజ్ శుక్కర్‌వార్ హై సాబ్," అంది. "ఆజ్ కిస్కా చల్తా హై?" శుక్రవారం ఎవరి సాంచె నడుస్తుందని.

అతను బయటికి తొంగిచూశాడు. గల్లీ అంతా నిశ్శబ్దం. పకపకా నవ్వాడు. "బాత్ తో సహీ హై." కాగితం మీద రాసుకున్నాడు, ఒక మాగ్, వారపు సెలవు వల్ల బంద్. తర్వాత తల ఎత్తి గోడ వెంట తీగల వైపు చూడడం మొదలుపెట్టాడు. అతని చూపు గుమ్మం దాటి బోరు మోటారు వైపు పోయేలోపే కార్ఖానా మామ, "దస్తఖత్ కహా కర్నా సాబ్?" అని కలం తీశాడు. సంతకం పెట్టేశాడు. చాయ్ తాగుదాం రండి అని ఇన్‌స్పెక్టరును భుజం పట్టి సందు చివరికి తీసుకుపోయాడు.

ఆ విధంగా మా ఇంట్లో సాంచె ఉన్నట్టు, అది నడిచేదే అయినట్టు, గల్లీ పెద్దమనిషే సర్కారు కాగితం మీద సాక్షి సంతకం చేశాడు. తర్వాత ఎప్పుడు మాటొచ్చినా అత్తమ్మకు అది చాలు. "నువ్వే గదయ్యా దస్కతు పెట్టినవ్," అనేది. ఆయన చేతులెత్తేసేవాడు.

ఘర్‌పట్టి కార్ఖానా రేటుకే కట్టాం. నేను ప్రతి ఏడూ సణుగుతూ కట్టాను. బిల్లు వచ్చిన వారం ఇంట్లో కూర తగ్గేది, అత్తమ్మ నోరు తగ్గేది కాదు. గల్లీపట్టి కూడా తప్పకుండా కట్టింది. మీటింగులో కూర్చుంది. గటర్ తీయించడానికి ఇస్తున్న డబ్బుకు గటర్ ఎందుకు నిండుతోందని అడిగింది. బోరు మోటారు కాయిలు ఏడాదికి రెండుసార్లు ఎందుకు కాలుతోందని అడిగింది. ఆమె అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్లు నోరు తెరవలేదు.

తర్వాత రోజులు మారాయి. కరెంటు కోతలు, చైనా బట్ట, ఏదేదో చెప్పేవారు. సాంచెలు మూలపడి, ఇనుము ధరకు తూకానికి పోవడం మొదలైంది. ఒకటొకటిగా కార్ఖానాలు ఖాళీ అయ్యాయి. ఆ జాగాలను గోదాములకు కిరాయికిచ్చారు. కార్ఖానా మామ చాలాకాలం పట్టుకున్నాడు, చివరికి ఆయనా అమ్మేశాడు. లారీ వచ్చి ఎత్తుకుపోతుంటే ఆయన వాకిట్లో స్టూలు మీద కూర్చుని చూశాడు. అత్తమ్మ పోయి ఆయన పక్కన కూర్చుంది.

ఆ తర్వాతి మీటింగుకు గల్లీలో సాంచెలు లెక్కపెడితే చేతివేళ్లు చాలు. అందులో ఒకటి మాది, పప్పు డబ్బాలు మోస్తున్నది. రూలు ప్రకారం కార్ఖానా మామకు వంతు లేదు, అత్తమ్మకు ఉంది. నేను ఆ రోజు ప్రత్యేకంగా సెలవు పెట్టి వెళ్లాను, ఏం చేస్తారో చూద్దామని. ఏం చేస్తారు? చాయ్ చల్లారేలోపే రూలు మార్చారు. ఇక మీదట గడపకు ఇంత. ఒక్కడు కూడా కాదనలేదు. గడప అంటే సొంత గడప అని వెంటనే ఒక ముక్క తగిలించారు. అంటే వెనక చాలు కిరాయివాళ్లు మళ్లీ బయటే. ఆ ముక్కకు అత్తమ్మ కూడా తల ఊపింది. నేను చూశాను.

అప్పుడే కార్ఖానా మామ అన్నాడు, "మా వదినె పెద్దది. ఇన్నేండ్లు కట్టింది. ఇగ ఆమె గడపకు మాఫీ."

చప్పట్లు. మైకులో చెప్పిన కథంతా ఈ ఒక్క నిమిషంలోది. అత్తమ్మ కొంగుముడి విప్పి డబ్బు ఆయన ముందున్న పళ్లెంలో పెట్టింది. ఆయన తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. డబ్బు చాప మీద పడింది. దాన్ని అక్కడే వదిలి ఇంటికి వచ్చింది. ఎవరు తీశారో నాకు తెలియదు. బోరు మాత్రం నడిచింది.

మర్నాడే పాత ఇనుమువాణ్ని పిలిచి సాంచెను తూకానికి అమ్మేసింది. మళ్లీ తలుపు ఊడదీయాల్సి వచ్చింది. ముందుగదిలో నేల మీద నాలుగు తుప్పు మరకలు మిగిలాయి. ఎంత రుద్దినా పోలేదు. ఘర్‌పట్టిని ఇంటి రేటుకు దింపించడానికి నేను మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగాను. ఈసారి క్లార్కు వేరేవాడు. మాగ్ ఏమైంది అని అడిగాడు. అమ్మేశాం అన్నాను. నడుస్తున్నదాన్ని ఎందుకు అమ్మారు బాయీ అన్నాడు.

దినాలయ్యాక నేను ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే ప్రశ్న అడిగాను. కార్ఖానా మామ చెవికి మెషీను పెట్టుకుని విన్నాడు.

"అందరం అనుకున్నం బిడ్డా," అన్నాడు.

"అందరు ఒక్కసారే నోరు తెరిచిన్రా మామా?"

"అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు? ఆమెనే పోయింది."

పక్కింటి కోడలికి ఇప్పుడు కోడలు వచ్చింది. ఆనాడు పైపు ఎత్తిన ఆమెనే అడిగితే, మా అత్త చెప్పింది అంది. ఆ అత్త ఇప్పుడు బతికి లేదు. ఎదురింటామె, మామ ఇంటివాళ్లే అనుంటారు అంది. మామ ఇంట్లో ఎదురింటివాళ్ల పేరు చెప్పారు. ఏ మీటింగులోనూ ఆ మాట రాలేదు. వచ్చుంటే ఏ శుక్రవారమో ఒక్కరైనా చెప్పేవారు. పొరపాటు అని కూడా ఎవరూ అనడం లేదు. అంటే ఒకరు అన్నారు, మిగతావాళ్లు విన్నారు. గల్లీలో సగం మంది ఇంకా బతికే ఉన్నారు. మాఫీ కథ అందరికీ గుర్తుంది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పొద్దున పైపును మా గడప దాటించమని మొట్టమొదట అన్నది ఎవరు?